అరువు టాంకు

ఆ వేసవిలో మా లారీల ఫ్యాక్టరీ నుంచి రోజుకి నలభై బళ్ళు బయటికొచ్చేవి. ఆ నలభై బళ్ళకీ కలిపి డీజిల్ టాంకు ఒక్కటే. ఈ మాట చెబితే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. నమ్మకపోతే పోనివ్వండి, ఆ టాంకుని ఒళ్ళో పెట్టుకుని నడిరోడ్డు మీద ఊరేగిన మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు. ఆయన మా నాన్న.

అప్పటికి నేను ఫ్యాక్టరీలో చేరి మూడు నెలలు. లైను చివర తయారైన లారీ ఎక్కి, దాన్ని యార్డుకి తోలుకెళ్ళి వరసలో నిలబెట్టడం నా పని. కిలోమీటరు దూరం కూడా ఉండదు. అయితేనేం, ఎవరూ కూర్చోని సీట్లో మొట్టమొదట కూర్చునేది నేను! తాళం తిప్పిన ప్రతిసారీ ఒళ్ళు ఝల్లుమనేది. వీధిలో ఎవరైనా "ఏం ఉద్యోగం చేస్తున్నావమ్మా" అని అడిగితే "లారీ డ్రైవర్ని" అని చెప్పి, వాళ్ళ మొహాలు మారడం చూసి మహా సంబరపడేదాన్ని.

ఎండలు మొదలయ్యేసరికి అల్యూమినియం కరువొచ్చింది. మా బళ్ళ టాంకులన్నీ అల్యూమినియం రేకుతో చేసినవే. రేకు దొరక్క టాంకులు చేసేవాళ్ళు చేతులెత్తేశారు. "ఇనుప టాంకు తగిలిస్తే సరిపోయేదానికి ఇంత రాద్ధాంతం ఏంటే" అంది మా అమ్మ. ఇనుముదైతే బరువు పెరుగుతుంది, దాన్ని మోసే బ్రాకెట్లు మార్చాలి, మార్చినవాటిని మళ్ళీ నెలల తరబడి పరీక్షించాలి. అన్నాళ్ళు లైను ఆపి కూర్చోలేరు. అందుకని టాంకు తప్ప అన్నీ ఉన్న లారీలు తయారవుతూనే ఉన్నాయి. వాటిని యార్డులో నిలిపి, టాంకులు వచ్చాక తగిలించి అమ్ముదామని పెద్దవాళ్ళ ఆలోచన.

మరి టాంకు లేని బండి యార్డు దాకా ఎలా నడుస్తుంది? అరువు టాంకుతో నడుస్తుంది. లైను చివర బండికి రెండు పట్టీలతో టాంకు బిగిస్తారు. పొద్దున్నే ఐదు లీటర్ల డీజిల్ పోస్తారు. నేను బండిని యార్డుకి తోలుతాను. అక్కడ టాంకు విప్పి, తోపుడుబండి మీద వెనక్కి తెచ్చి, తర్వాతి బండికి బిగిస్తారు. రోజంతా ఇదే తంతు. మొదట్లో ఇలాంటి అరువు టాంకులు ఆరుండేవి. బళ్ళు కొన్నవాళ్ళు వచ్చి గొడవ పెట్టుకుంటుంటే ఒక్కొక్కటే వాళ్ళకిచ్చేసి, చివరికి ఒక్కదాన్ని మిగుల్చుకున్నాం. లోపలివైపు మూల కాస్త సొట్టపడి ఉండటంతో దాన్నెవరూ తీసుకోలేదు. మేం దాన్ని 'పెద్దాయన' అని పిలుచుకునేవాళ్ళం. పట్టీలు బిగించే బాబాయ్, అంటే నాకు బాబాయ్ కాదు, ఫ్యాక్టరీ మొత్తానికీ బాబాయే, "పెద్దాయన వేంచేస్తున్నారు, తప్పుకోండి తప్పుకోండి" అని అరుస్తూ తోపుడుబండి తోసుకొచ్చేవాడు.

పెద్దాయన పొట్ట మీద ఎర్రరంగుతో పెద్ద గుండ్రం గీసి ఉండేది. ఎర్ర గుండ్రం కనపడితే ఆ బండిని గేటు దాటనివ్వకూడదని కాపలావాళ్ళకి గట్టి ఆర్డరు.

తొందర మేస్త్రి అని మేం పిలుచుకునే మా మేస్త్రి ఒకరోజు అందరినీ పోగేశాడు.

"లైను ఒక్క పూట ఆగిందంటే రెండో షిఫ్టు ఎత్తేస్తారట. పైనుంచి మాటొచ్చేసింది. ఎత్తేస్తే ముందు ఇంటికి పోయేది కొత్తగా చేరినవాళ్ళు" అని నావైపు చూశాడు. కొత్తవాళ్ళలోకెల్లా కొత్తదాన్ని నేనే.

"నన్ను చూస్తారేంటి మేస్త్రీ, పెద్దాయన్ని చూసుకోండి" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ లోపల భయం వేసింది. ఇంట్లో జీతం తెచ్చేది అప్పటికి నేనొక్కదాన్నే.

ఎందుకంటే అల్యూమినియం కరువు మా ఫ్యాక్టరీకన్నా ముందు మా ఇంటికొచ్చింది. నాన్న ఇరవయ్యారేళ్ళు అల్యూమినియం కరిగించే ఫ్యాక్టరీలో పనిచేశాడు. అక్కడ గదంత తొట్లు వరసగా ఉంటాయి, వాటిని పాట్లు అంటారు. కరెంటు ఆగకుండా పారుతుంటేనే వాటిలో లోహం కరిగి ఉంటుంది. ఆ ఏడు కరెంటు ధర మండిపోయింది. ఇక తమవల్ల కాదని యజమానులు పాట్లన్నీ ఆర్పేసి మనుషుల్ని ఇంటికి పంపారు.

ఆ పాట్ల చుట్టూ అయస్కాంత శక్తి అంతా ఇంతా ఉండదట. జేబులో తాళంచెవులు లేచి నిలబడతాయని నాన్న చెప్పేవాడు. అక్కడికి వాచీ పెట్టుకుని వెళితే అది ఆగిపోయి ఊరుకుంటుంది. అందుకే నాన్న ఎప్పుడూ వాచీ పెట్టుకోలేదు. అయినా టైమెంతని అడిగితే తలైనా ఎత్తకుండా చెప్పేవాడు. ఐదు నిమిషాలు కూడా తేడా వచ్చేది కాదు.

పాట్లు ఆర్పేసిన వారానికి అమ్మ ఆయనకో వాచీ కొనిచ్చింది. నల్ల తోలు పట్టీ, తెల్లటి ముఖం. పెళ్ళయినప్పటినుంచీ ఆవిడకి ఆ ముచ్చట తీరలేదు మరి. "ఇంటిపట్టునే ఉంటున్నారుగా, ఇప్పుడైనా పెట్టుకోండి" అంది. కాదనలేక పెట్టుకున్నాడు.

"ఎలా ఉంది నాన్నా?" అని అడిగాను.

"ఎలా ఉండటమేంటి, తిరుగుతోంది" అన్నాడు, అది వాచీ చేసిన తప్పన్నట్టు.

నేను పనినుంచి రాగానే చెప్పులైనా విప్పకముందే అడిగేవాడు.

"మీ లైను నడిచిందా?"

"నడిచింది నాన్నా, నలభై."

"నడవాలి. మీ కంపెనీ ఆర్డరు ఉందనే ధైర్యంతోనే మావాళ్ళు కరెంటు బేరమాడుతున్నారు. వానలు పడేలోపు బేరం కుదిరితే పాట్లు మళ్ళీ వెలిగిస్తారు. మీరు ఆపేస్తే మా సరుకు ఎవరికి కావాలి? మీ లైను ఆగిందంటే మా లైను ఇక లేవదే అమ్మా."

అంటే నా ఉద్యోగం, నాన్న ఉద్యోగం రెండూ పెద్దాయన పొట్టలోనే ఉన్నాయన్నమాట. ఆ రోజునుంచి నాకు పెద్దాయన అంటే భక్తి పుట్టుకొచ్చింది. ఆ భక్తే నా కొంప ముంచింది.

ఒకరోజు పైనుంచి పెద్దవాళ్ళు లైను చూడటానికి వస్తున్నారన్నారు. పొద్దుటినుంచి తొందర మేస్త్రి కాలు ఒకచోట నిలవలేదు. ఊడ్చినచోటే మళ్ళీ ఊడ్పించాడు. అందరూ తళతళలాడుతుంటే పెద్దాయన మాత్రం జిడ్డుకారుతూ ఉండటం నాకు నచ్చలేదు. ఇంతమంది పరువు మోస్తున్నవాడు ముష్టివాడిలా ఉంటే బాగుంటుందా? గుడ్డముక్క, థిన్నరు పట్టుకుని కూర్చుని ఒళ్ళంతా తోమేశాను. జిడ్డు పోయింది. ఎర్ర గుండ్రమూ పోయింది. "వాళ్ళు వెళ్ళాక మళ్ళీ గీద్దాంలే" అనుకున్నాను. మేస్త్రి వచ్చి చూసి, "భేష్! కొత్తదానిలా ఉంది" అని మెచ్చుకున్నాడు కూడా. గుండ్రం సంగతి ఆయనకీ తట్టలేదు.

పెద్దవాళ్ళు వచ్చారు, తలలూపారు, జీపెక్కి వెళ్ళిపోయారు. నేను ఆ పూటకి ఎనిమిదో బండిని యార్డులో నిలబెట్టి, బాబాయ్ కోసం వెళ్ళాను. పది నిమిషాల్లో ఇద్దరం వచ్చేసరికి ఆ చోటు ఖాళీగా ఉంది.

"బండేదే?" అన్నాడు బాబాయ్.

"ఇక్కడే పెట్టాను బాబాయ్."

"పెడితే ఏమవుతుంది? కనపడకుండా పోవడానికి అదేమన్నా గుండుసూదా?"

గేటు దగ్గరికి పరిగెత్తాం. "ఆయన బండి ఆయన తీసుకెళ్ళాడు" అన్నాడు కాపలావాడు. "కాగితం చూశా, నెంబరు చూశా. ఎర్ర గుండ్రం లేదు. టాంకు ధగధగా మెరుస్తోంది. ఏం, తప్పా?"

తప్పు అతనిది కాదు. ఆ బండి కొన్నాయన నాలుగు నెలలుగా తిరుగుతున్నాడు. ఆ రోజు తన బండి లైను దిగుతుందని తెలిసి, కాగితాలు ముందే రాయించుకుని, ఒక్కసారి కంటితో చూసుకుంటానని యార్డులోకి వచ్చాడట. చూస్తే బండి ఉంది, తాళం ఉంది, టాంకు కూడా ఉంది. ఎక్కి తోలుకుపోయాడు. ఆ స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. మేస్త్రికి నేనే చెప్పాను, గుండ్రం తుడిచింది నేనేనని. ఆయన తిట్టలేదు. తిట్టడానికి కూడా టైము లేదు. "లైను చివర నాలుగు బళ్ళకి చోటుంది. భోజనాల అరగంట కలుపుకుంటే ఒంటిగంటన్నర దాకా నెట్టుకురావచ్చు. ఆ తర్వాత లైను ఆపాల్సిందే" అన్నాడు.

"టాంకు లేని బళ్ళని తాడు కట్టి యార్డుకి లాగేద్దాం మేస్త్రీ!"

"ఇంజను తిరగనిదే బ్రేకుల్లో గాలి నిండదు, గాలి నిండనిదే బ్రేకు వదలదు. నీకు తెలీదా ఏంటి?"

తెలుసు. ఆ కంగారులో అన్నీ మర్చిపోయాను. ఫోను చేస్తే ఆ బండి కొన్నాయన ఎత్తడం లేదు. ఫ్యాక్టరీ జీపు పెద్దవాళ్ళని దింపడానికి వెళ్ళింది. సరిగ్గా అప్పుడు గేటు బయట మోటారుసైకిలు ఆగిన చప్పుడు. రోజూలాగే నాన్న నా భోజనం క్యారేజీ పట్టుకుని నిలబడ్డాడు. రోజూ క్యారేజీ ఇచ్చి, లోపలికి కన్నెత్తైనా చూడకుండా వెనక్కి తిరిగేవాడు. ఆ రోజు నా మొహం చూసి ఆగిపోయాడు.

జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పేశాను.

"కొత్త బండి ఎటు పోతుంది?" అని బాబాయ్‌ని అడిగాడు.

"పెట్టె కట్టించుకోడానికి బాడీ షెడ్డుకే పోతుంది. మావి ఉత్త ఛాసిస్ బళ్ళు కదండీ, క్యాబిను తప్ప వెనక ఏముండదు. షెడ్డు పెద్దరోడ్డు మీద పద్దెనిమిది కిలోమీటర్లు."

"టాంకులో ఎంతుంది?"

"మూడు లీటర్లుంటే గొప్ప. పది, పన్నెండు కిలోమీటర్లకి ఆగిపోతాడు."

నాన్న క్యారేజీ కాపలావాడి చేతిలో పెట్టాడు. "ఎక్కవే" అన్నాడు.

ఒక చేత్తో పది లీటర్ల డీజిల్ క్యాను, భుజాన స్పానర్ల సంచి, వెనక సీట్లో నేను. మా నాన్న బండి తోలితే సైకిళ్ళు కూడా దాటిపోతాయని అమ్మ ఎగతాళి చేస్తుంటుంది. ఆ రోజు ఆవిడ చూడాల్సింది. బస్సుల్ని దాటించాడు, ట్రాక్టర్లని దాటించాడు. ఒక మలుపులో నేను కళ్ళు మూసుకున్నాను. "నాన్నా, మెల్లగా!" అని ఒకసారి, "నాన్నా, తొందరగా!" అని ఒకసారి అరిచాను. "ఏదో ఒకటి చెప్పు!" అని ఆయనా అరిచాడు. ఇద్దరికీ నవ్వాగలేదు. మూడు నెలల తర్వాత మా నాన్న నవ్వడం అదే. ఉద్యోగం పోయేలా ఉన్నప్పుడు అంత సంతోషంగా ఎలా ఉన్నానో నాకే తెలీదు.

పదకొండో కిలోమీటరు రాయి దాటగానే కనపడింది మా బండి. రోడ్డు పక్కన, ఎండలో. పక్కన నడుం మీద చేతులు పెట్టుకుని దాని యజమాని.

"కొత్త బండి! పదకొండు కిలోమీటర్లకే చచ్చింది! మీరేనా ఆ ఫ్యాక్టరీవాళ్ళు?" అని ఒంటికాలి మీద లేచాడు.

"బండి చావలేదు బాబుగారూ, డీజిల్ అయిపోయింది" అని, ఉన్నదున్నట్టు చెప్పాను. నేను ఆ ఫ్యాక్టరీ డ్రైవర్నని, టాంకు అరువుదని, గుండ్రం తుడిచింది నేనేనని, ఈ టాంకు ఒంటిగంటన్నరలోపు లైనుకి చేరకపోతే ఏమవుతుందో కూడా.

"అంటే నా బండికున్న టాంకు విప్పుకుపోతారా? నాలుగు నెలలు తిరిగాను. చెప్పులరిగాయి. మళ్ళీ ఎన్నాళ్ళు తిరగమంటావు?" ఆయన క్యాబిను మెట్టు మీద కూర్చుండిపోయాడు. "ఇవ్వను. నా బండి, నా కాగితాలు. ఎవరికి చెప్పుకుంటావో చెప్పుకో."

ఆయన అన్నదాంట్లో తప్పేముంది? నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే టైము వేస్టని ఆపుకున్నాను. అప్పుడు తట్టింది.

"షెడ్డులో పెట్టె కట్టడానికి ఎన్నాళ్ళు పడుతుందన్నారు?"

"నెలన్నర."

"ఆ నెలన్నరా మీ బండి కదలదుగా? టాంకు ఊరికే ఎండలో వేలాడుతుంది. అదే మా దగ్గరుంటే రోజుకి నలభై బళ్ళని నడిపిస్తుంది. షెడ్డు దాకా ఈ టాంకుతోనే వెళ్దాం. అక్కడ విప్పి ఇవ్వండి. పెట్టె పూర్తయ్యేలోపు వచ్చిన మొదటి కొత్త టాంకు నా చేత్తో తెచ్చి బిగిస్తాను."

ఆయన తన బండిని ఓసారి ఎగాదిగా చూసుకున్నాడు. మెట్టు మీంచి లేచి, తాళంచెవి నా చేతిలో పెట్టాడు. "డ్రైవరునంటున్నావుగా, తోలు చూద్దాం."

డీజిల్ పోశాను. ఖాళీ అయిన ఇంజనులో గాలి పట్టేస్తుంది, చేతి పంపు కొడితేగాని వదలదు. అరచెయ్యి బొబ్బలెక్కేలా కొట్టాను. రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకుంది ఇంజను. యార్డు గోడల మధ్య తప్ప ఎక్కడా తోలనిదాన్ని, పెద్దరోడ్డెక్కాను! ఎదురుగా అడ్డంలేని రోడ్డు, చేతిలో అంత చక్రం, అద్దంలో మోటారుసైకిలు మీద మా నాన్న. ఐదో గేరు ఎలా ఉంటుందో ఆ రోజే తెలిసింది. గట్టిగా కేక పెట్టాను. పక్కన యజమాని భయపడి తలుపు పట్టుకున్నాడు.

షెడ్డులో టాంకు విప్పుతుంటే ఆయనకి మళ్ళీ అనుమానం పట్టుకుంది. "మీ మేస్త్రి ఇంకెవరికో ఇచ్చేస్తే? నీ మాట నమ్మి ఇస్తున్నాను, నాకేంటి ఆధారం?"

 నాన్న చేతి వాచీ విప్పి ఆయనకిచ్చాడు.

"మా ఆవిడ ముచ్చటపడి కొనిచ్చింది. మీ టాంకు మీకందేదాకా మీ దగ్గరుంచండి. ఇది లేకపోతే రోజూ ఇంట్లో నాకు అక్షింతలు పడతాయి, నేనే మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తాను."

ఆయన నవ్వేశాడు. వాచీ తన చేతికే పెట్టుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో మోటారుసైకిలు నేను తోలాను. నేను పెట్రోలు టాంకు మీదికంటా ముందుకి జరిగి కూర్చుంటే, వెనక నాన్న పెద్దాయన్ని రెండు చేతులా కావలించుకుని కూర్చున్నాడు. దారిన పోయేవాళ్ళు ఆగి మరీ చూశారు. 

"బరువుగా ఉందా నాన్నా?"

"లేదే. ఇంత తేలిగ్గా ఉంటుందనుకోలేదు" అన్నాడు. "ఇరవయ్యారేళ్ళు కరిగించి పంపడమే. పోయి ఏమవుతుందో ఎప్పుడూ చూళ్ళేదు."

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెనకనుంచి ఆయనకి నా కళ్ళు కనపడవు, దుమ్మని సాకు చెప్పక్కర్లేదు కాబట్టి, హాయిగా ఏడ్చాను.

"టైమెంతయింది నాన్నా?" అన్నాను కాసేపటికి, వాచీ లేదన్న సంగతే మర్చిపోయి.

"ఒంటిగంటా పది" అన్నాడు వెంటనే. "ఇంకొంచెం జోరుగా పోనివ్వు."

గేటు తెరిచే ఉంచారు. లైను చివర నాలుగు బళ్ళ చోటూ నిండిపోయి, ఐదోది క్యాబినుకి ఆఖరి బోల్టులు బిగించుకుంటోంది. తొందర మేస్త్రి లైను ఆపే ఎర్ర స్విచ్చు పక్కనే నిలబడి ఉన్నాడు. పైన గోడ గడియారం ఒంటిగంటా ఇరవై రెండు చూపిస్తోంది. "పెద్దాయన వేంచేశారు!" అని అరిచాను. బాబాయ్ అందుకుని పరుగు తీశాడు. ఆయన అంత వేగంగా పట్టీలు బిగించడం నేను మళ్ళీ చూడలేదు. నేను బండెక్కి తాళం తిప్పేసరికి లైను మొత్తం ఈలలు, కేకలు. నాన్న అక్కడే నిలబడి బండి యార్డులోకి పోయేదాకా చూశాడు.

సాయంత్రం మేస్త్రి ఎర్రరంగు డబ్బా, కుంచె నా చేతిలో పెట్టాడు. "ఇకనుంచి రోజూ పొద్దున్నే గుండ్రం గీసే పని నీది" అన్నాడు.  ఇంట్లో అమ్మ మాత్రం వాచీ సంగతి విని వారంరోజులు నాన్నతో ముక్తసరిగా మాట్లాడింది. "ఎవరో దారిన పోయేవాడి చేతికి పెట్టొచ్చారట!" అని గోడలకి చెప్పేది.

ఆ వేసవంతా లైను ఆగలేదు. మొదటి వాన పడ్డ వారంలో, ఎక్కడో దూరం నుంచి తెప్పించిన రేకుతో చేసిన కొత్త టాంకులు దిగాయి. మొదటిదాన్ని షెడ్డుకి తీసుకెళ్ళి నేనే బిగించాను. బండికి నీలిరంగు పెట్టె కట్టి ఉంది, ఎంత బాగుందో! యజమాని చేతి వాచీ విప్పి ఇచ్చాడు.

"ఒక్క నిమిషం కూడా తప్పలేదమ్మా. మీ నాన్నగారికి చెప్పు."

ఇంటికొచ్చేసరికి వీధిలో నలుగురైదుగురు మనుషులున్నారు, అందరూ నాన్నతో పాటు పాట్ల దగ్గర పనిచేసినవాళ్ళే. కరెంటు బేరం కుదిరిందట. మర్నాడు పొద్దున్నే మొదటి వరస వెలిగిస్తారట. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, ఒకరి మాట ఒకరికి వినపడటం లేదు. అమ్మ ఆ హడావిడిలోనే వాచీ నా చేతిలోంచి లాక్కుని నాన్న చేతికి తనే పెట్టింది. నాన్న చెయ్యి చాపి, అందరికీ చూపించి మురిసిపోయాడు. ఆ సాయంత్రం ఆయన ఎన్నిసార్లు టైము చూసుకున్నాడో లెక్కలేదు.

మర్నాడు తెల్లారేసరికి మోటారుసైకిలు చప్పుడు వీధి మలుపు దాటుతోంది. వంటింట్లోంచి అమ్మ కేక వినపడింది.

"ఏమండీ! వాచీ! చూడవే, కొత్త సంబరంలో మీ నాన్న వాచీ బల్లమీదే మర్చిపోయి వెళ్ళిపోయారు!"

వాచీ పట్టుకుని చెప్పులైనా లేకుండా వీధిలోకి పరిగెత్తింది. నేను వెనకే వెళ్ళాను. నాలుగు గుమ్మాలు దాటాక అమ్మ తనంతట తనే ఆగిపోయింది. చేతిలో వాచీ వైపు చూసింది, పాట్లకి పోయే మలుపు వైపు చూసింది. నవ్వడం మొదలుపెట్టింది, నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఆ వాచీ తన చేతికి పెట్టుకుని, పట్టీ వదులుగా ఉందని పైకి జరుపుకుంటూ ఇంట్లోకి నడిచింది.